పోచారం చల్లదనం, పావగడ ఎండ

హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్ల క్యాంపస్‌లో దాదాపు రెండున్నర లక్షల చదరపు అడుగుల ఆఫీసు భవనం ఒకటుంది. దాన్ని కట్టేటప్పుడే నడిమికి రెండు సమాన భాగాలు చేశారు. ఒక సగానికి మామూలు కార్పొరేట్ ఆఫీసుల్లో ఉండే పద్ధతి పెట్టారు: చిల్లర్ నీళ్లతో గాలిని చల్లబరిచి, డక్టుల్లో పంపి, గది అవసరాన్ని బట్టి ఆ గాలిని పెంచడం, తగ్గించడం. రెండో సగంలో ప్లాస్టిక్ పైపులను స్లాబు కాంక్రీటులోనే పూడ్చి, వాటిలో చల్లనీళ్లు తిప్పారు. అక్కడ కప్పే చల్లబడి మనుషుల వేడిని లాక్కుంటుంది. తేమ తీసిన బయటి గాలిని ఊపిరికి సరిపడా మాత్రమే వేరుగా పంపుతారు. గోడలు, కిటికీలు, దీపాలు, మనుషుల సంఖ్య రెండు వైపులా దాదాపు ఒకటే. మీటర్లు మాత్రం వేర్వేరు.

ఆ లెక్కలను గురుప్రకాశ్ శాస్త్రి, పీటర్ రమ్సీ 2014లో ఆష్రే జర్నల్‌లో ప్రచురించారు. ఏడాదికి చదరపు మీటరుకు గాలి సగం ఏసీ కోసం 38.7 యూనిట్లు ఖర్చు పెడితే, స్లాబు సగం 25.7 యూనిట్లతో సరిపెట్టుకుంది. మూడో వంతు, దాదాపు 34 శాతం ఆదా. కట్టుబడి ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లోపల కూర్చున్న ఉద్యోగులను అడిగితే చల్లదనం బాగుందన్నవాళ్లు స్లాబు వైపే ఎక్కువ.

ఏసీల మీద ఇంత నిజాయితీ గల పోలిక మన దేశంలో మరొకటి చూడలేదు. కంపెనీలు పంచే బ్రోచర్లలో కొత్త యంత్రాన్ని పదేళ్ల పాత యంత్రం పక్కన నిలబెట్టి గెలిపిస్తారు. ఇక్కడ ఓడినవాడు కూడా మంచి మల్లుడే. ఆ గాలి సగం కూడా అప్పటి మామూలు ఆఫీసుల కంటే చాలా పొదుపైనది. అంచేత 34 శాతం అన్న అంకెకు విలువ ఉంది.

అయితే ఆ అంకెను పోచారం గేటు దాటించి ఎంత దూరం తీసుకెళ్లొచ్చు? నా పేచీ అక్కడే. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే ఉద్యోగులు, ఎప్పుడూ మూసి ఉండే తలుపులు, ఎండ లోపలికి రాకుండా లెక్క వేసి పెట్టిన కిటికీలు, పగలంతా చిల్లర్ ప్లాంటును కనిపెట్టుకుని ఉండే ఇంజనీర్లు: ఇవన్నీ ఆ అంకె వెనక ఉన్నాయి. వీటిలో ఒక్కటి తప్పిపోయినా అంకె మారుతుంది.

ఇప్పుడు పావగడకు రండి. కర్ణాటకలో తుమకూరు జిల్లాలో చేరిన తాలూకా, చుట్టూ దాదాపు అంతా ఆంధ్ర. కరెంటు సంస్థ బెస్కాం బిల్లు కన్నడంలో వస్తుంది, ఏసీ బేరం తెలుగులో జరుగుతుంది. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు వైపు సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పరుచుకుని ఉంది. రైతుల భూములు కొనకుండా కౌలుకు తీసుకుని కట్టినది. ఆ కరెంటు పెద్ద లైన్లెక్కి ఎటో పోతుంది. బజారులో బట్టల కొట్టువాడి యూనిట్ రేటు దానివల్ల ఒక్క పైసా తగ్గదు. ఎండ పుష్కలం, నీళ్లు కరువు. బోర్లలో ఫ్లోరైడ్, పైగా ఉప్పునీళ్లు. తుంగభద్ర తాగునీటి కోసం ఈ తాలూకా ఏళ్ల తరబడి ఎదురుచూసిన సంగతి అందరికీ తెలిసిందే.

పెద్ద భవనాల ఏసీలో నీటి లెక్క ఎవరూ ముందు చెప్పరు. నీళ్లతో చల్లబడే చిల్లర్‌కు మిద్దె మీద కూలింగ్ టవర్ ఉంటుంది. ఒక టన్ను ఏసీ గంట సేపు నడిస్తే ఆ టవర్‌లో ఆరు లీటర్ల నీళ్లు ఆవిరవుతాయి. 100 టన్నుల ప్లాంటు పది గంటలు నడిస్తే ఆవిరే 6,000 లీటర్లు. మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొంత వదిలేయాలి. అంటే రోజుకు ట్యాంకరు కంటే ఎక్కువే. అదీ ఉప్పునీళ్లయితే ట్యూబుల్లో సున్నం గట్టిపడి, బ్రోచర్‌లో రాసిన సామర్థ్యం రెండో ఎండాకాలానికే గుర్తుపట్టలేనంతగా పడిపోతుంది. ఇక్కడ కరెంటు కాస్త ఎక్కువ తిన్నా సరే, గాలితో చల్లబడే యంత్రమే మేలు. ఇంజనీరింగ్ పుస్తకం ఈ తీర్పును ఒప్పుకోదు. ట్యాంకరు డబ్బు కట్టేవాడు ఒప్పుకుంటాడు.

స్లాబులో పైపుల పద్ధతికి ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్లలో వాణిజ్య భవనం ఒక్కసారిగా లేవదు. ఈ ఏడు గ్రౌండ్ ఫ్లోర్, డబ్బు చేతికొచ్చాక పై అంతస్తు, కొడుకు పెళ్లయ్యాక ఇంకోటి. స్లాబు పోసే రోజుకే పైపుల నక్షా తేలాలంటే ఎవరివల్లా కాదు. పైగా మెయిన్ రోడ్డు కొట్టు తలుపు పగలంతా తీసే ఉంటుంది. శ్రావణంలో తేమగాలి లోపలికొచ్చి చల్లటి కప్పును తాకితే నీళ్లు కారి పట్టుచీరల మీద పడతాయి. పోచారంలో గెలిచినవాడు ఇక్కడ అడుగే పెట్టలేడు.

మరి ఇక్కడ అసలు పోటీ ఎవరి మధ్య? ఒకవైపు గదికొకటి విడి స్ప్లిట్ ఏసీలు. రెండోవైపు వీఆర్‌ఎఫ్, అంటే ఒక పెద్ద అవుట్‌డోర్ యూనిట్‌కు పది ఇరవై గదుల యూనిట్లు తగిలించే పద్ధతి. జపాన్‌కు చెందిన డైకిన్ 1982లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల హోటళ్లలో ఇదే ఫ్యాషన్. మూడోవాడు ఉన్నాడు గానీ, వాడిని ఎవరూ పోటీదారుగా లెక్కపెట్టరు: నీళ్ల కూలర్.

లాడ్జీ సంగతి చూద్దాం. పావగడలోని శనిమహాత్మ గుడికి వచ్చే జనంతో శనివారాలు, అందులోనూ శ్రావణ శనివారాలు, ఊరు కిటకిటలాడుతుంది. మంగళవారం నాడు ఇరవై గదుల లాడ్జీలో రెండు గదులు నిండితే గొప్ప. వీఆర్‌ఎఫ్ అమ్మేవాళ్లు చెప్పే మొదటి మాట, సగం గదులే నడిచేటప్పుడు కరెంటు బాగా ఆదా అవుతుందని. అది నిజమే. కానీ ఇరవైలో ఒక్క గదే నడిస్తే ఆ పెద్ద కంప్రెసర్ అంత కిందికి దిగలేదు. ఆగుతూ, మొదలవుతూ, ఆదాను తానే మింగేస్తుంది. ఇక శ్రావణ శనివారం నాడు అవుట్‌డోర్ యూనిట్‌లో బోర్డు కాలిందనుకోండి, దాని కింద ఉన్న గదులన్నీ ఒకేసారి ఉడుకుతాయి. బోర్డు బెంగళూరు నుంచి రావాలి, దాన్ని మార్చే మనిషి కూడా అక్కడినుంచే రావాలి. స్ప్లిట్ చెడితే చెడేది ఒక్క గది. ఊళ్లో మెకానిక్ బైకు మీద వచ్చి మధ్యాహ్నానికి గ్యాస్ పట్టిస్తాడు. వారం పొడవునా ముప్పావు వంతు గదులు నిండే బెంగళూరు హోటలుకు వీఆర్‌ఎఫ్ మంచి బేరమే. పావగడ లాడ్జీకి ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ స్ప్లిట్లే సరైనవని నా తీర్పు. గోడంతా అవుట్‌డోర్ యూనిట్లతో ముఖం మీద కురుపుల్లా కనిపిస్తుందన్న ఫిర్యాదు నిజమే. వాటిని వెనక గోడకు పెట్టించండి.

కల్యాణ మండపం దగ్గరే పోలిక నిజంగా ఆసక్తికరం. ఐదొందల మంది కూర్చునే హాలు అనుకుందాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటినుంచి వచ్చే వేడి, చెమట కలిపితే నూరు వాట్ల పైమాటే. నూటఇరవై అనుకుంటే ఐదొందల మందికి 60 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ మూడున్నర కిలోవాట్ల వేడిని తీస్తుంది కాబట్టి, మనుషులకే 17 టన్నులు. కప్పు వేడి, దీపాలు, వీడియో లైట్లు, తీసి మూసే తలుపులు కలిస్తే నలభై టన్నులకు తక్కువ పెట్టలేరు. అంటే కరెంటు సుమారు 45 కిలోవాట్లు. ఆ మేరకు బెస్కాంలో లోడు మంజూరు చేయించుకోవాలి, దాని స్థిర చార్జీ నెలనెలా కట్టాలి. ఆషాఢంలో ఒక్క ముహూర్తం లేకపోయినా కట్టాలి. కరెంటు పోతే పెళ్లి ఆగకూడదు కనుక జనరేటర్ కూడా ఆ సైజుదే కావాలి. ఏడాదిలో కొన్ని పదుల రోజులు నడిచే యంత్రానికి నక్షత్రాలు ఎన్నున్నా ఆదా అయ్యేది కొంచెమే. కట్టేది మాత్రం పన్నెండు నెలలూ.

దాని పక్కన పెద్ద డక్ట్ కూలర్లను నిలబెట్టి చూడండి. ఏప్రిల్ మధ్యాహ్నం బయట 38 డిగ్రీలు, గాలిలో తేమ 25 శాతం అనుకుంటే, మంచి ప్యాడ్లున్న కూలర్ 26 డిగ్రీల దగ్గర గాలినిస్తుంది. హాలు 30 దగ్గర నిలుస్తుంది, మీద గాలి ఆడుతుంటుంది. అది ఏసీ చల్లదనం కాదు. వేడి అన్నం, సాంబారు ముందు కూర్చున్న మనిషికి చాలు. కరెంటు పది కిలోవాట్ల దరిదాపుల్లో సరిపోతుంది. నీళ్లు గంటకు 250 నుంచి 300 లీటర్లు, ఆరు గంటల పెళ్లికి వదిలే నీళ్లతో కలిపి 2,000 లీటర్లు. సగం ట్యాంకరు కూడా కాదు. రోజూ నడిచే కూలింగ్ టవర్‌ను వద్దన్నవాణ్ణి కూలర్‌ను ఎలా సమర్థిస్తున్నానని అడగొచ్చు. ముహూర్తం నాడు మాత్రమే తాగేదానికీ, ఏడాది పొడవునా తాగేదానికీ తేడా ఉంది కదా. పెళ్లిళ్లు దండిగా ఉండే మాఘం నుంచి జ్యేష్ఠం దాకా ఇక్కడ గాలి పొడిగా ఉంటుంది. కూలర్ బాగా పనిచేసేది సరిగ్గా ఆ నెలల్లోనే. శ్రావణంలో బయట 29 డిగ్రీలు, తేమ 75 శాతం ఉంటే అది మూడు డిగ్రీలు కూడా దించలేదు. అప్పుడు ప్యాడ్లకు నీళ్లు ఆపి ఉత్త ఫ్యానుగా నడపాలి.

కూలర్‌కు చెడ్డపేరు తెచ్చింది కట్టేవాళ్లే. హాలు కిటికీలన్నీ మూసి, లోపలికి తడిగాలి తోసి, బయటికి దారి లేకుండా చేస్తే జిడ్డు పట్టదా? ఎంత గాలి తోస్తామో అంత గాలీ ఎదుటి గోడ పైభాగం నుంచి బయటికి పోవాలి. హైదరాబాద్ కొండాపూర్ దగ్గర 2004లో తెరిచిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గాలి బురుజులు కట్టి, బయటి గాలిని నీటితో ముందే చల్లబరిచి, తర్వాత ఏసీకి అందిస్తారు. ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న ఆ భవనం వాడిన సూత్రమూ, మన సంత కూలర్ సూత్రమూ ఒకటే. ఒకదానికి దేశవిదేశాల నుంచి వాస్తుశిల్పులు వస్తారు, ఇంకోదాన్ని చూసి మగపెళ్లివారు ముక్కు విరుస్తారు. ఆ మర్యాద కోసం పెళ్లికూతురి గదికి, పెళ్లికొడుకు గదికి చెరో స్ప్లిట్, భోజనాల హాలుకు, పెళ్లి హాలుకు కూలర్లు పెడితే బేరం కుదురుతుంది.

ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌కు ఈ చర్చ వర్తించదు. అక్కడ గంటకు కనీసం ఇరవై సార్లు వడకట్టిన గాలి మారాలి. స్ప్లిట్ గదిలో గాలినే తిప్పుతుంది, కూలర్ తడి తెస్తుంది. రెండూ పనికిరావు, దానికి వేరే యంత్రమే కావాలి.

బట్టల కొట్టుకు మాత్రం ఏసీ తప్పదు. తేమ తగిలితే సరుకు పోతుంది కనుక కూలర్ వద్దు. కొట్టు ఎక్కువగా నడిచేది పగలే కాబట్టి మిద్దె మీద సోలార్ పలకలు ఇక్కడ బాగా ఒప్పుతాయి. తెల్లవారుజాము ముహూర్తాల మండపానికి అంతగా ఒప్పవు. పలకలు కరెంటు ఇవ్వడంతో పాటు స్లాబుకు నీడ కూడా ఇస్తాయి, ఆ నీడ విలువ అమ్మేవాడు లెక్కలో వేయడు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి వాణిజ్య భవనాల కప్పులకు ఎండను తిప్పికొట్టే పూత తప్పనిసరి చేసింది. మన పాత చవుడు మట్టి మిద్దెలు ఏ విధానమూ లేకుండానే ఆ పని చాలావరకు చేసేవి. వాటిని కూల్చి నల్లబడే స్లాబులు పోసి, పడమటి ముఖాన నిలువెత్తు అద్దాలు బిగించి, ఆ తర్వాత ఎన్ని టన్నులు కావాలని అడుగుతున్నాం. తెల్ల పూత వేసి, అద్దాలకు బయట చజ్జా దించి, అప్పుడు లెక్క వేయిస్తే ఎన్నో కొన్ని టన్నులు కచ్చితంగా రాలిపోతాయి. నూటయాభై చదరపు అడుగులకు ఒక టన్ను అని కంటిచూపుతో చెప్పే డీలరుకు ఆ తేడా కనపడదు. చౌకగా వస్తుందని పాత ఆర్-22 గ్యాసు యంత్రం కొనేవాళ్లూ ఉన్నారు. 2030కి ఆ గ్యాసు ఉత్పత్తికి దేశంలో దాదాపు స్వస్తి పలుకుతారు. తర్వాత లీకైతే నింపడానికి ఏం దొరుకుతుందో చూసుకోవాలి.

పోచారం నుంచి మనం తెచ్చుకోదగ్గది స్లాబులో పైపులు కాదు, వేరే మీటర్లు. రెండంతస్తుల కొట్టుంటే ఒక అంతస్తుకు ఒక పద్ధతి, రెండోదానికి ఇంకోటి పెట్టి, ఏసీ లైన్లకు చెరో సబ్‌మీటర్ బిగించండి. ఏసీ ధర ముందు సబ్‌మీటర్ ధర లెక్కలోకే రాదు. ఫాల్గుణం నుంచి శ్రావణం దాకా రీడింగులు గోడ మీద క్యాలెండర్‌లో రాసుకుంటే, మూడో అంతస్తు లేపేనాటికి డీలరును అడగాల్సిన అవసరం ఉండదు.