గుట్టలకు ఎక్కేవాళ్లు కావాలి

సెలవులు దగ్గరపడగానే పర్యాటక ప్రకటనలు జోరందుకుంటాయి. ఈ వారం కంటపడ్డవాటిలో సాహసం అన్న మాట లేనిది అరుదు. హిమాలయాల్లో మంచు నడక, రిషీకేశ్‌లో రాఫ్టింగ్, హంపీలో గుండ్లెక్కడం. హైదరాబాద్ వాళ్లకు వీటిలో చాలావాటికి దారి శంషాబాద్ విమానాశ్రయం మీదుగానే. ప్రయాణాన్ని కిలోమీటర్లతో కొలవొద్దన్నది నా పాత పట్టు. హంపీ పేరు చూసినప్పుడు మరీ చిరాకు కలిగింది. అక్కడికి వెతుక్కుంటూ వెళ్లే రాళ్లకూ, విమానం ఎక్కబోతూ మనం దాటిపోయే రాళ్లకూ పుట్టుకలో పెద్ద తేడా లేదు.

శంషాబాద్ చుట్టుపక్కల నేల దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. భూమి లోతుల్లో కరిగి ఉన్న శిల నిదానంగా చల్లారి గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల ఏళ్లపాటు కొట్టుకుపోయి బరువు తగ్గేసరికి బండ పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి దిగిన నీరు మూలలను తినేసింది. ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడగా మిగిలినవే ఒకదానిమీద ఒకటి నిలిచిన ఈ గుండ్లు. ఎవరో ఎత్తి పేర్చినట్టు కనిపిస్తాయి గానీ ఉన్నచోటనే అరిగి అలా తేలాయి. వీటి మధ్యనే నర్కుడ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి ఉంది. దాని ఏడంతస్తుల గోపురాన్నీ మెట్ల కోనేరునూ సినిమాల్లో చూసినవాళ్లెందరో, అది శంషాబాద్ పక్కనే ఉందని ఎరిగినవాళ్లు కొందరే. అడవి కూడా పూర్తిగా పోలేదు. 2024 ఏప్రిల్ చివర్లో విమానాశ్రయం గోడ దూకి లోపలికొచ్చిన చిరుతను అటవీ సిబ్బంది రోజుల తరబడి కాపు కాసి బోనులో పట్టి, నల్లమలలో వదిలారు.

ఇంత దగ్గరున్నా జనం పోకపోవడమే ఈ గుట్టలకు మేలని వాదించడం తేలిక. జనం వెళ్లిన చోట ఏం మిగులుతుందో తెలిసిందే: సీసా పెంకులు, ప్లాస్టిక్ సంచులు, బండల మీద రంగుతో రాసిన పేర్లు. నా మనసూ మొదట అటే మొగ్గింది. కానీ బతికిన గుట్టలేవో, పోయిన గుట్టలేవో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ వాదం నిలవదు. గోల్కొండ గుండ్లు నిలిచాయి, ఎందుకంటే కోట కట్టినవాళ్లు వాటినే గోడల్లో కలుపుకున్నారు. మౌలాలీ గుట్టను దర్గా నిలబెట్టింది. ఎవరూ ఎక్కని, ఎవరూ మొక్కని గుట్ట మాత్రం రెవెన్యూ దస్త్రంలో సాగుకు పనికిరాని పోట్ ఖరాబు, కాంట్రాక్టరు లెక్కలో కంకర. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ నీటి కోసం 1996లో తెచ్చిన జీవో 111 పరోక్షంగా రాళ్లకూ కొంత రక్షణ ఇచ్చింది. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలను సడలించారు. ఇక ఆ రాళ్ల తరఫున మాట్లాడాల్సింది వాటితో పని ఉన్నవాళ్లే. నగరంలో 1996 నుంచి రాళ్ల కోసం పోరాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు జనాన్ని గుండ్ల మధ్య నడిపించడాన్ని తమ పనిలో ముఖ్యభాగం చేసుకున్నది ఊరికే కాదు. చూడని రాయి కోసం కోర్టుకు ఎవరు వెళ్తారు?

భువనగిరి ఇంకా గట్టి సాక్ష్యం. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన అక్కడి కోట ఏకశిల మీద ఉంది. ఆ శిల మీదే రాక్ క్లైంబింగ్ శిక్షణ నడుస్తోంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ అక్కడే తాడు పట్టడం నేర్చుకుంది. ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ పొంది, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్ట్ శిఖరం మీద నిలబడింది. సాహసం డబ్బున్నవాళ్ల ముచ్చట అనేవారికి వేరే జవాబు అక్కర్లేదు. బౌల్డరింగ్‌కైతే, అంటే గుండ్లెక్కడానికైతే, తాడు కూడా వద్దు. పట్టున్న బూట్లు, కింద పరిచే మందపాటి పరుపు, పడితే ఆపడానికి పక్కన ఇద్దరు మనుషులు చాలు.

ఎక్కేవాళ్ల వల్ల నష్టమే ఉండదా? ఉంటుంది. పరుపు వేసిన చోట చెట్టూచేమా నలుగుతాయి, చేతులకు రాసుకున్న సుద్ద వాన తగలని వంపుల్లో మరకై మిగులుతుంది. అయితే ఈ నష్టం చీపురుతో, నియమంతో సరిదిద్దగలిగేది. క్రషర్ చేసినదాన్ని సరిదిద్దే ఉపాయం లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది పాండవుల గుట్ట లాంటి చోట. భూపాలపల్లి వైపున్న ఆ గుట్టల్లో ఆదిమానవుల చిత్రాలూ ఉన్నాయి, ఎక్కే బండలూ ఉన్నాయి. పైగా అది గ్రానైట్ కాదు, ఇసుకరాయి. తడిసినప్పుడు బలహీనపడి పట్టు ఊడివస్తుంది. అక్కడ చిత్రాలున్న చరియల దరిదాపుల్లో తాడు కనిపించకూడదు, వాన వెలిసిన వెంటనే ఎవరినీ ఎక్కనివ్వకూడదు.

శంషాబాద్ గ్రానైట్ అంత సుకుమారి కాదు. మండలంలో మిగిలిన గుండ్లను సర్వే నంబర్లతో సహా గుర్తించి, ఏది ఎక్కదగిందో, ఏది ముట్టకూడనిదో అనుభవజ్ఞులైన ఆరోహకుల చేత తేల్చించాలి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు భువనగిరిలో శిక్షణ ఇప్పించి వాళ్లనే గైడ్లుగా పెట్టాలి. ఎక్కేవాళ్లు కట్టే రుసుము స్థానిక సంస్థకే చేరాలి. అప్పుడు క్వారీ లైసెన్సు కోసం దరఖాస్తు వచ్చిన రోజున అడ్డం చెప్పడానికి ఆ ఊరి దగ్గరే ఒక లెక్క ఉంటుంది.