అరబ్బీ పేజీలో పలాస జీడిపప్పు

ఎచ్చెర్ల మీదుగా విశాఖ వైపు వెళ్లే లారీల్లో పలాస జీడిపప్పు కూడా ఉంటుంది. దాన్ని దుబాయ్‌లోని ఒక దుకాణం అరబ్బీలో, ఆన్‌లైన్‌లో అమ్ముతోందనుకుందాం. మొరాకో కొనుగోలుదారుల కోసం ఆ పేజీని ఫ్రెంచిలోకి తేవాలి. ఈ పనికి తగిన అనువాదకుణ్ణి వెతకాలంటే, అతని పనితనం ఏ చోట్ల కనిపిస్తుందో ముందు తెలియాలి.

మొదటి చోటు సరుకు వివరాల వరుస. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అందులోని అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. డబ్ల్యూ 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగే గ్రేడు. అది రోమన్ అక్షరంతోనే వరుస మధ్యలో ఉంటుంది. ఫ్రెంచిలో వాక్యం దిశ మారినా గ్రేడు చెక్కుచెదరకూడదు. 1,250.50 అనే ధరను ఫ్రెంచిలో 1 250,50 అని రాస్తారు. వేల దగ్గర ఉన్న ఆ ఖాళీ వరుస చివర తెగిపోకుండా అంకెల్ని పట్టి ఉంచే ప్రత్యేకమైన ఖాళీ. మామూలు ఖాళీ పెడితే ఫోన్ తెరమీద 1 పై వరుసలో, 250 కింది వరుసలో పడొచ్చు. ఎంత చిన్న జాగ్రత్త! పైగా దుబాయ్‌లోనూ దిర్హమే, మొరాకోలోనూ దిర్హమే, విలువలు వేరు. ఏ దేశపు దిర్హమో రాయకపోతే ధర తప్పినట్టే.

పేర్లు ఇంకా కష్టం. అరబ్బీలో ‘ప’కు సొంత అక్షరం లేదు, సాధారణంగా ‘బ’తో సర్దుకుంటారు. ఆ పేజీ ఒక్కటే చూసినవాడు ఫ్రెంచిలో ‘బలాస’ అని రాసేస్తాడు. పనితనం ఉన్నవాడు ఊరెక్కడో వెతికి, పోయిన ‘ప’ను తిరిగి తెస్తాడు. తేదీలదీ ఇదే తీరు. జులైని గల్ఫ్‌లో యూలియో అనీ, మొరాకోలో యూలియూజ్ అనీ, లెబనాన్‌లో తమ్మూజ్ అనీ అంటారు. గడువు తేదీ రాసేటప్పుడు ఇవన్నీ ఒకే నెలకు చేరాలి.

ఇలాంటివారిని ఎక్కడ వెతకాలి? హైదరాబాద్‌లోని ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో అరబ్బీ, ఫ్రెంచి రెండూ నేర్పుతారు. రెంటినీ రోజూ వాడే వ్యాపార వాతావరణం మొరాకో, ట్యునీషియా, అల్జీరియా, లెబనాన్‌లలో ఉంది. ఎక్కడివారైనా సరే, ఒక పేజీకి డబ్బిచ్చి రాయించి చూడాలి. 2015 నాటి ఐఎస్‌ఓ 17100 ప్రమాణం ప్రకారం ఆ అనువాదాన్ని మరో వ్యక్తి మూలంతో పోల్చి చూడాలి. నేనైతే ఇంకొకటి గమనిస్తాను: పని మొదలుపెట్టే ముందు అనువాదకుడు ఏం అడుగుతున్నాడని. ఏ దిర్హమ్, పేరును అధికారికంగా ఎలా రాస్తారు, పేజీలోని బటన్ మీద ఎన్ని అక్షరాలు పడతాయి అని అడిగినవాడికే పేజీ మొత్తం అప్పగిస్తాను.