మూకుడు మాట్లాడుతున్నంతసేపూ

గుంటగలగరాకు నాలుగు రెబ్బలు అరచేతిలో వేసి బొటనవేలితో గట్టిగా నలపండి. మొదట ఆకుపచ్చ పసరు వస్తుంది. చూస్తుండగానే అది నల్లబడుతుంది. ఆ నలుపు సబ్బుకు ఒక పట్టాన లొంగదు. పూర్వం పచ్చబొట్టు పొడిచేవాళ్ళు ఈ పసరునే వాడేవారట. చెరువుగట్టు మీదా, పంటకాలువ పక్కనా, వరిమడిలోనూ ఎవరూ నాటకుండానే మొలిచే ఈ కలుపుమొక్కకు భృంగరాజమనీ, కేశరాజమనీ, మార్కవమనీ సంస్కృతంలో బిరుదులు. చరకుడి నాటినుంచీ ఉన్నదే, చరిత్రకు అంత చాలు. నాకు మోజంతా దానితో నూనె కాచే విద్య మీద.

మా మేనత్త కాచేది. పొద్దున్నే బుట్టలిచ్చి పిల్లల్ని గట్ల మీదికి తోలేది. తెల్లపూలున్న మొక్కే పీకాలి, వేళ్ళ మట్టి కాలువలోనే కడగాలి. రోట్లో దంచి గుడ్డలో వేసి పిండితే బుట్టెడాకుకు చెంబెడు రసం కూడా రాదు. సేరు నువ్వులనూనెకు నాలుగు సేర్ల రసం పోయాలి మరి! ఎన్ని బుట్టలో మీరే లెక్కేసుకోండి. ఇనుప మూకుడు, సన్నసెగ. సాయంత్రానికి దించేసి, మర్నాడు మళ్ళీ పొయ్యెక్కించేది.

ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహితలో ఉన్న లెక్కా ఇదే. ముద్దగా నూరిన కల్కం ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, ద్రవం పదహారు పాళ్ళు. తైలాన్ని ఒక్కరోజులో ముగించకూడదని కూడా శార్ఙ్గధరుడి నియమం. మా అత్తకు సంస్కృతం అక్షరం ముక్క రాదు. అయినా ఆ గ్రంథంలోని పరీక్షలన్నీ ఆమె వేళ్ళలో ఉండేవి. అడుగున ఉన్న ముద్దను కాస్త తీసి నలిపితే వత్తిలా సాగాలి. దాన్ని నిప్పు మీద వేస్తే చిటపటమనకూడదు. నూనె మీద నురగ పొంగాలి. నెయ్యి కాస్తే ఇందుకు తలకిందులు, నురగ అణగాలి. ఆమె వీటన్నిటికంటే చెవినే నమ్మేది. ‘మూకుడు మాట్లాడుతున్నంతసేపూ నీళ్ళున్నట్టేరా’ అనేది. మాట ఆగిందో లేదో, చేతిలో మసిగుడ్డ సిద్ధం. దించే అదనులు మూడు: మృదుపాకం ముక్కులో వేసే నూనెకు, మధ్యమం లోపలికి పుచ్చుకునేదానికి, ఖరపాకం ఒంటికి రాసేదానికి. ఆ పైన ఒక్క క్షణం ఏమరిస్తే మాడిపోతుంది, ఇక అది దేనికీ కొరగాదు.

కేరళ వైద్యుల పనితనం చూస్తే అసూయ పుడుతుంది. నీలిభృంగాది తైలంలో గలగర రసానికి నీలి ఆకు, ఉసిరి, బుద్ధకాకర తోడు. పైగా ఆవు, గేదె, మేక పాలూ, కొబ్బరిపాలూ. పాలు పోసిన నూనె అడుగంటకుండా పాకానికి తేవడమంటే కత్తిమీద సామే. 1902లో కోటక్కల్‌లో పి.ఎస్. వారియర్ ఆర్యవైద్యశాల పెట్టి, ఇలాంటి పాకాలకు శాల కట్టి మరీ నిలబెట్టారు. అయినా వాళ్ళు ఇష్టపడే కొబ్బరినూనె నా తలకు గిట్టదు. నా ఓటు నువ్వులనూనెకే.

నెరిసిన జుట్టు నల్లబడుతుందా అని అడుగుతారు. నాకైతే నల్లబడలేదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మాత్రం వెంట్రుకలు త్వరగా మొలిచాయి. ఈ ఆకులోని వెడెలోలాక్టోన్ కాలేయాన్ని కాపాడగలదన్న పరిశోధనలూ ఉన్నాయి. ఆ పదార్థపు నిర్మాణాన్ని 1956లో మద్రాసులో టి.ఆర్. గోవిందాచారి బృందం తేల్చింది. అయితే వాళ్ళు దాన్ని తీసింది పసుపుపూల గలగర నుంచి! తెల్లపూల పక్షపాతినైన నేను ఇది ఒప్పుకోక తప్పదు.

కానీ ఇప్పుడు రోడ్డు డివైడర్ల మీద పరుస్తున్న పసుపుపూల తీగ ఆ గలగర కూడా కాదు. అమెరికా ఖండం నుంచి దిగిన అలంకారపు మొక్క. మొన్నొకడు దాన్నే కట్టగట్టి ‘అసలైన గలగర’ అంటూ నాకు అంటగట్టబోయాడు. అరచేతిలో నలిపి చూపించు నాయనా అంటే జారుకున్నాడు.

వాడి సంగతి వదిలేద్దాం, సీసాల సంగతేమిటి? ముందువైపు జడ వేసుకున్న అమ్మాయి బొమ్మ, ‘భృంగరాజ్’ అని పెద్దక్షరాలు. వెనక చీమతలకాయంత అక్షరాల్లో లిక్విడ్ పారాఫిన్, రంగు, సెంటు. రాతినూనెకు ఆకుపచ్చ రంగేసి ఆ పేరు పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది? నాలుగు సేర్ల రసం ఇగిరిన నూనె ఆ ధరకు రాదని కొనేవాళ్ళకైనా తోచదా? అమ్మేవాళ్ళది ఆశ అనుకుందాం. ఇంట్లో రోలూ, ఊళ్ళో కాలువా ఉండి కూడా అదే కొనే మనల్ని ఏమనాలి? కలుపుమందు కొట్టి గట్లన్నీ మాడ్చేసి, ఆ మొక్క పేరున్న సీసా కోసం దుకాణానికి పోతున్నాం. రైతులారా, మడిలో కొడితే కొట్టారు, గట్టునైనా వదిలేయండి!

కాటుక ముచ్చటా ఇలాగే అంతరిస్తోంది. గలగర రసంలో నూలుగుడ్డను తడపడం, నీడన ఆరబెట్టడం, మళ్ళీ తడపడం. ఆ గుడ్డను వత్తి చేసి ఆముదంతో వెలిగించి, పైన రాగిపళ్ళెం ఎత్తుగా బోర్లిస్తే తెల్లారేసరికి పట్టులాంటి మసి. దాన్ని నేతితో రంగరించి బరిణెకెత్తేవారు. పసిపిల్లల కళ్ళకు పెట్టొద్దని డాక్టర్లంటారు, ఆ మాట వినండి. కానీ ఆ మసి మెత్తదనం వేలికి తగిలినవాళ్ళు మరిచిపోలేరు.

ఈ ఏడు వానలకు మా ఊరి తూము పక్కన, స్ప్రేయరు అందని మూలన, ఓ పాతిక మొక్కలు కనిపించాయి. తెల్లపూలవే, నలిపి చూశాను. సేరు నూనెకు చాలవు, పావుసేరుకు సరిపోవచ్చు. అత్త మూకుడు అటక మీద ఉంది. ముందు దాని తుప్పు వదిలించాలి.