నాడె ఇంటికి చేరిందా?

సోలాపూర్ తూర్పు పేటల్లో మాటలతో పని తక్కువ. వినబడవు గనక. అశోక్ చౌక్, దాజీపేట, సాఖర్ పేట, ఏ సందులోకి తిరిగినా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడే. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడతారు. షెడ్డులోకి పోతే చేతులే భాష. మా మేనమామ అక్కడ జాబర్, అంటే సాంచెల రోగాలు కుదిర్చే మనిషి. చిన్నప్పుడు ఒకసారి నడుస్తున్న సాంచె ఉన్నట్టుండి ధడేల్మని ఆగిపోతే నేను ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాను. ఆయన నా చెవి దగ్గరికి వంగి అరిచాడు: "భయపడకు బిడ్డా. నాడె ఇంటికి రాలే, గంతే!"

ఆ ధడేల్ వెనక ఉన్న పనితనం నాకు పూర్తిగా అర్థమైంది చాలా ఏళ్ల తర్వాత, విమానాశ్రయాల్లో పైలట్లూ కంట్రోలర్లూ మాట్లాడుకునే పద్ధతి గురించి చదువుతున్నప్పుడు.

ముందు సాంచె సంగతి. నిలువుగా సాగే పడుగు పోగులు రెండు పాయలుగా విడిపోతే మధ్యలో సన్నని దారి తెరుచుకుంటుంది. పేకను, అంటే అడ్డపోగును, మోసే నాడె ఒక పెట్టెలోంచి బయల్దేరి, ఆ దారిలో దాన్ని విడుస్తూ అవతలి పెట్టెకు చేరుతుంది. వెంటనే పలక ముందుకొచ్చి, దువ్వెన లాంటి పన్నెతో ఆ పేకను బట్టకు కొడుతుంది. నిమిషానికి వందకు పైగా సార్లు ఇదే వరస. నాడె మధ్య దారిలో చిక్కుకుందనుకోండి, పలకకు ఆ సంగతి తెలియదు. అది వచ్చి కొడితే పన్నెకూ బట్టకూ నడుమ నాడె నలిగి, పడుగు పోగులు గుంపుగా తెగుతాయి. వాటిని ఒక్కొక్కటిగా ముడివేసి, అచ్చులోంచీ పన్నెలోంచీ మళ్లీ తీసేసరికి పూట గడిచిపోతుంది. ఆ పూట కూలి పోయినట్టే.

దీనికి విరుగుడు నాడె పెట్టె గోడలోనే ఉంది. గోడలోంచి ఒక వంపు ముక్క కాస్త లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పేరు స్వెల్. నాడె పెట్టెలోకి దూరగానే దాన్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడుకు పలక కింద ఉన్న కడ్డీ కొద్దిగా తిరుగుతుంది, కడ్డీకి బిగించిన ఇనుప నాలుక పైకి లేస్తుంది. ఇంగ్లీషు వాళ్లు ఆ నాలుకను బాకు అన్నారు. దాని ఎదురుగా, సాంచె చట్రానికి ఉన్న దిమ్మెను కప్ప అన్నారు. నాలుక లేస్తే కప్ప మీదుగా దాటిపోతుంది, నేత సాగుతుంది. నాడె రాకపోతే నాలుక లేవదు. పలక ముందుకు రాగానే కప్పను గుద్దుతుంది, కప్ప హ్యాండిల్‌ను తోసేస్తుంది, సాంచె అక్కడికక్కడే నిలిచిపోతుంది. బరువైన బట్ట నేసే సాంచెల్లో ఈ ఏర్పాటు చూడొచ్చు.

తెలివంతా నాలుక కిందికి వాలి ఉండడంలోనే ఉంది. ఈ యంత్రంలో తప్పు కోసం కాపలా కాసే భాగమంటూ ఏదీ లేదు. ఆగిపోవడమే దాని సహజ స్థితి. నాడె ప్రతిసారీ ఇంటికి చేరి, చేరానని చెబితేనే తర్వాతి దెబ్బ. పేక తెగినా ఇదే న్యాయం. పక్కన మూడు పళ్ల చిన్న ఫోర్కు ఉంటుంది. పేక ఉంటే అది ఫోర్కును ఆనుకుని వంచుతుంది. వంగని ఫోర్కు తోక ఒక కొక్కేనికి చిక్కి సాంచెను ఆపేస్తుంది. పేక లేదని ఎవరూ చెప్పక్కర్లేదు, ఉందని చెప్పకపోతే చాలు.

ఇక రన్‌వే. అది కూడా ఒకసారికి ఒక్కరికే తెరుచుకునే దారి. దాని మీద ఉండకూడని విమానమో, బండో, మనిషో ఉంటే దాన్ని రన్‌వే ఇన్‌కర్షన్ అంటారు. ఆ దారి అంచున టాక్సీవే మీద నాలుగు పసుపు గీతలు కనిపిస్తాయి. రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు తన వైపు ఉన్న పైలట్ అనుమతి లేకుండా అడుగు ముందుకు వేయకూడదు. తెగిన గీతల వైపు నుంచి వచ్చేవాడు రన్‌వే ఖాళీ చేస్తున్నట్టు లెక్క. పెద్ద విమానాశ్రయాల్లో టాక్సీవేల మీద నడిపించేది గ్రౌండ్ కంట్రోలర్, రన్‌వేని అప్పగించేది టవర్ కంట్రోలర్. ఇద్దరివీ వేరు వేరు ఫ్రీక్వెన్సీలు.

ఇక్కడ స్వెల్ మాటలతో చేసినది. కంట్రోలర్ 'ఈ గీత దగ్గర ఆగు' అన్నప్పుడు పైలట్ 'సరే' అంటే సరిపోదు. ఆ మాటనే, రన్‌వే నంబరుతో, తన విమానం పిలుపు పేరుతో తిరిగి చెప్పాలి. కంట్రోలర్ దాన్ని విని పోల్చుకోవాలి. 'రోజర్' అన్న మాటకు 'విన్నాను' అనే తప్ప 'ఒప్పుకున్నాను' అని అర్థం లేదు. ఒక షరతుతో అనుమతి ఇచ్చేటప్పుడు చేసిన ఏర్పాటు నాకు మరీ ముచ్చటేస్తుంది. 'బిహైండ్' అనే మాట వాక్యం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వస్తుంది. దిగుతున్న ఫలానా విమానం వెనక, రన్‌వే మీదికి రా, వెనక. మొదటి మాట గరగరలో పోయినా చివరిది మిగులుతుంది. బట్ట అంచులో పేక తిరిగి వచ్చి పోగుల్ని పట్టి ఉంచినట్టు.

ఈ జాగ్రత్తల్లో కొన్ని చాలా ఖరీదు పెట్టి కొన్నవి. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో పొగమంచు. రన్‌వే ఒక కొసన కేఎల్ఎం 747 విమానం బయల్దేరడానికి నిలబడి ఉంది. అదే రన్‌వే మీద ప్యాన్ యామ్ 747 ఇంకా నడుస్తూ వస్తోంది. కంట్రోలర్ కేఎల్ఎంకు ఇచ్చింది ఎగిరాక పోవలసిన దారికి అనుమతి మాత్రమే. కానీ అందులో 'టేకాఫ్' అన్న మాట దొర్లింది. కోపైలట్ దాన్ని తిరిగి చెబుతూ, ఇప్పుడు మేం టేకాఫ్‌లో ఉన్నాం అన్న అర్థం వచ్చేలా ముగించాడు. కంట్రోలర్ 'ఓకే' అని క్షణం ఆగి, నేను పిలిచేదాకా ఉండమన్నాడు. అదే క్షణంలో ప్యాన్ యామ్ తాము ఇంకా రన్‌వే మీదే ఉన్నామని చెప్పింది. ఇద్దరూ ఒకేసారి బటన్ నొక్కితే ఆ రేడియోలో మాటలు కలిసిపోయి కీచుమంటుంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడింది 'ఓకే' ఒక్కటే. 583 మంది పోయారు.

ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను తాళం వేసి పెట్టారు. ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, దాన్ని రద్దు చేసేటప్పుడు తప్ప ఆ మాట వాడరు. మిగతా చోట్లంతా 'డిపార్చర్'. ఇంగ్లీషు పండితులు చేయలేని పని ఇది, ఒక మాటకు ఒకే పని అప్పగించడం.

అయితే ఇనుముకూ మాటకూ తేడా ఉంది. నాడె రాకుండా స్వెల్ వచ్చిందనుకోదు. మనిషి చెవి మాత్రం వినాలనుకున్నదే వింటుంది. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కోస్ట్ గార్డు విమానాన్ని ఆగే చోటుకు పంపుతూ కంట్రోలర్ 'నంబర్ వన్' అన్నాడు, వరసలో మొదటివాడివని. పైలట్లు ఆగే చోటునూ సరిగ్గానే తిరిగి చెప్పారు. అయినా రన్‌వే తమదేననుకుని లోపలికి వెళ్లారు. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి గుద్దింది. అందులోని 379 మందీ బయటపడ్డారు, చిన్న విమానంలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. అక్కడ దారికి అడ్డంగా వెలిగే ఎర్రదీపాలు ఆ రోజుల్లో పనిచేయడం లేదు. రన్‌వే మీద ఎవరో ఉన్నారని కంట్రోలర్ల తెర రంగు మారి చూపింది. రంగు మారింది, చప్పుడు కాలేదు. చూడవలసిన కన్ను మరో పనిలో ఉంది.

ఇది చదివినప్పుడే నాకు మామ షెడ్డు ధడేల్ మళ్లీ వినబడింది.

సోలాపూర్‌కూ ఇప్పుడు విమానం వస్తోంది. విమానాల దారికి అడ్డమని సిద్ధేశ్వర్ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టాన్ని 2023 జూన్‌లో కూల్చారు. 2025 జూన్ నుంచి గోవాకు సర్వీసు. మామ ఇంకా ఎక్కలేదు, ఎక్కాలన్న తొందరా లేదు. పొద్దున్నే షెడ్డు తెరిచి, మరమ్మతు చేసిన సాంచె ముందు కూర్చుంటాడు. నాడెను పెట్టెలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంటాడు. పలకను చేత్తో మెల్లగా ముందుకు లాగుతాడు. నాలుక కప్పకు తగిలి టక్కుమంటుంది. తర్వాత నాడెను పెట్టెలో పెట్టి మళ్లీ లాగుతాడు. ఈసారి ఏ చప్పుడూ ఉండదు. తల ఊపి, అప్పుడు స్విచ్చి వేస్తాడు.