నేల మీద పెట్టి పోయండి

ఎండాకాలం వస్తే అందరి చూపూ మా రెంటచింతల మీదే. నిన్న అక్కడ ఎన్ని డిగ్రీలు కాసిందో పొద్దున్నే పేపర్లో వెతుక్కుంటాం. ఆ ఎండ పడవలోని పెట్రోలు ట్యాంకు మీద కూడా కాస్తుందన్నది మాత్రం మనకు పట్టదు. చల్లని పూట 25 లీటర్ల ట్యాంకును మూతి దాకా నింపారనుకోండి. మధ్యాహ్నానికి పెట్రోలు వేడి 20 డిగ్రీలు పెరిగితే అది దాదాపు అర లీటరు ఉబ్బుతుంది. జాగా లేకపోతే మూత సందుల్లోంచి కక్కేస్తుంది. అందుకే పైన కాస్త వెలితి ఉంచాలి.

విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు పోయే పెద్ద లాంచీల సంగతి కాదు నేను చెప్పేది. వెనక మోటారు తగిలించుకునే చిన్న పడవల గురించి. వరదలొచ్చినప్పుడు జనాన్ని ఒడ్డుకు చేర్చేవీ అలాంటివే. వాటిలో విడిగా పెట్టిన ట్యాంకు నుంచి రబ్బరు పైపు గుండా మోటారుకు పెట్రోలు అందుతుంది.

ఆ ట్యాంకును పడవలోనే ఉంచి పెట్రోలు పోస్తుంటే నా ఒళ్లు జలదరిస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. ఒడ్డున ఆరుబయట అయితే గాలికి చెదిరిపోతుంది. పడవలో అయితే అడుగుకు దిగి, పలకల కింద చేరి అక్కడే ఉండిపోతుంది. బ్యాటరీ తీగ దగ్గర ఒక్క రవ్వ లేచినా చాలు. ట్యాంకును ఒడ్డుకు దింపి, నేల మీద పెట్టి, గొట్టాన్ని మూతికి ఆనించి పోయండి. బంకులోనూ అంతే. ఆటోలో పరిచిన రబ్బరు పట్టా మీద ఉంచి కొట్టించుకోవద్దు. స్థిర విద్యుత్తు పేరుకుని రవ్వ పుట్టవచ్చు.

మూత మీద చిన్న గాలి మర ఉంటుంది. మోటారు నడిచినంతసేపూ అది తెరిచి ఉండాలి. లేకపోతే పెట్రోలు ఖర్చయిన కొద్దీ లోపలికి గాలి చొరక, నడి నీళ్లలో మోటారు ఆగిపోతుంది. ట్యాంకును మోసుకెళ్లేటప్పుడు బిగించాలి. ఎండకు కాగిన ట్యాంకు మర తిప్పితే బుస్సుమంటుంది. ఆ వచ్చేది పెట్రోలు ఆవిరే, ముఖం దగ్గర పెట్టకండి. పైపు మధ్యనున్న రబ్బరు గుబ్బను, దాని మీది బాణం మోటారు వైపు ఉండేలా చూసుకుని, చేతికి గట్టిగా తగిలే దాకా పిసకాలి. ఎంతకీ గట్టిపడలేదంటే ఎక్కడో కారుతోంది, లేదా గాలి లాగుతోంది. అది తేలేదాకా మోటారు స్టార్టు చేసే తాడు లాగొద్దు.

పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే అది నీటిపై తేలుతూ ఇంకా పరుచుకుంటుంది. చుట్టూ కృష్ణమ్మ ఉన్నా మనకు అక్కరకు రాదు. పొడి చిమ్మే సిలిండరు ఒకటి పడవలో ఉంచుకోండి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా 30 లీటర్లకు మించి పెట్రోలు ఉంచుకోకూడదు. పడవ నడిపే అన్నలారా, ఎంత తొందరున్నా మంచినీళ్ల క్యాన్లలో మాత్రం పెట్రోలు పట్టుకోకండి.