ఇల్లరికం వచ్చిన ఇంజిన్

పాత అంబాసిడర్‌లో జిప్సీ ఇంజిన్ దించి, సెల్ఫ్ కొట్టగానే అందుకుందని మిఠాయిలు పంచేవాళ్లు చాలామంది ఉన్నారు. అదే బండి ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్ జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని ఆగిపోకుండా నిలబడాలి. అలా నిలబెట్టినవాణ్ణే నేను ఉస్తాద్ అంటాను. ప్రగతి నగర్‌లో, అంబీర్ చెరువుకు కాస్త దూరంలో, బోర్డు కూడా లేని రేకుల షెడ్డులో అలాంటివాడు ఒకడున్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయను.

ఇదేదో కుర్రకారు వేషమని మొహం చిట్లించే పెద్దలకు ఒక మాట. ఈ పని కంపెనీలూ చేశాయి. ఫియట్ 124 ఒంటిలో నిస్సాన్ ఇంజిన్ పెట్టి ప్రీమియర్ వాళ్లు 118ఎన్ఈ అమ్మారు. హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సాకూ, తర్వాత 1990ల్లో అంబాసిడర్‌కూ ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్ వేసింది. ఆ ఇసుజు అంబాసిడర్ పక్కన ప్రీమియర్ పద్మిని ఏపాటిది? నేను అంబాసిడర్ పక్షం, దాచుకోను.

జిప్సీ ఇంజినే ఎందుకంటే, వెనక చక్రాలు నడిపే బండికి ఇంజిన్ పొడవునా కూర్చోవాలి. మారుతి కార్లలో చాలావాటికి అది అడ్డంగా ఉంటుంది. జిప్సీలో పొడవునా ఉంటుంది, పైగా గేర్‌బాక్సు వేరు, ఫోర్‌వీల్ పెట్టె వేరు. ఆ పెట్టె వదిలేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కొలతకు కోయించి బ్యాలెన్స్ చేయిస్తే 1.3 లీటర్ల, 16 వాల్వుల ఇంజిన్ మన అంబాసిడర్‌కు అల్లుడైపోతుంది. ఇల్లరికపు అల్లుడు. అసలు కథ అక్కడే మొదలు.

నా అంబాసిడర్‌లోనూ జిప్సీ ఇంజినే. వేడెక్కితే చాలు, ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగిపోయేది. ఒకచోట స్కానర్ పెట్టి, మూడు సెన్సార్లు మార్చి, బిల్లు చేతిలో పెట్టారు. రోగం మాత్రం అలాగే ఉంది. ఉస్తాద్ స్కానర్ ముట్టలేదు. మల్టీమీటర్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజిన్ బ్లాకుకు ఆనించి "సెల్ఫ్ కొట్టుండ్రి సార్" అన్నాడు. 0.2 వోల్టు దాటకూడనిది ఒకటిన్నర చూపించింది. ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద. దాన్ని బాడీతో కలిపే ఎర్తు తీగను ఎవరో పెయింటు మీదే బిగించారు. ఎర్తే సరిగ్గా లేకపోతే సెన్సార్ చెప్పిన ప్రతి లెక్కా తప్పే. "ఇంజిన్‌కు ఏం రోగం లేదు సార్. అత్తగారింట్ల మర్యాద దొరకలే, అంతే."

అక్కడితో ఆగలేదు. ఫిల్టరు విప్పి తెల్లగుడ్డ మీద దులిపితే ఇటుకపొడిలా తుప్పు రాలింది. కార్బొరేటర్‌కు పెట్రోలు కాస్త తోస్తే చాలు, ఇంజెక్టర్లకు దాదాపు మూడు బార్ల ఒత్తిడి కావాలి. అందుకు పెట్టిన పంపు లాగే వేగానికి పాత ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పడుకున్న తుప్పంతా లేచి వస్తుంది. ఇక జిప్సీ మీటరుతోపాటే స్పీడు సిగ్నల్ కూడా పాతసామాన్లలోకి పోయింది. బండి కదులుతోందో ఆగిందో కంప్యూటర్‌కు తెలియక, బ్రేకు వేసినప్పుడు గాలి తక్కువ వదిలి ఇంజిన్‌ను చంపేస్తోంది. నన్ను ఇన్ని నెలలు ఏడిపించినవి ఇవే.

ఆయన వ్యాక్యూమ్ గేజి చదివే తీరు చూడాలి! ముల్లు 17కీ 21కీ మధ్య కదలకుండా నిలబడితే చాలంటాడు. వణికితే వాల్వు అనుమానం. కదలకుండానే కిందికి దిగితే ఎక్కడో గాలి లీకు, లేదా టైమింగు వెనకబడింది. వేడి సెన్సార్‌ను మరిగిన నీళ్లలో ముంచి ఓములు కొలుస్తాడు. చల్లగా ఉన్నప్పుడు రెండు వేలకు పైన ఉండేది 80 డిగ్రీల దగ్గర మూడు వందలకు దిగాలి. చివర్లో ప్లగ్గు ఊడదీస్తాడు. మొన నల్లబడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే తక్కువ. మారీ బిస్కెట్ రంగులో ఉంటేనే బానెట్ మూస్తాడు.

ఇలాంటి చేతులు మన దేశానికి కొత్త కావు. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి రేసు కార్లు కట్టిన కోయంబత్తూరు కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు, ఆయన పేరు ఇప్పటి కుర్రాళ్లకు తెలియదు. మన బహదూర్‌పురాలో సుధాకర్ గారు వింతవింత ఆకారాల కార్లు చేసి మ్యూజియమే పెట్టారు. 2005లో 12.67 మీటర్ల ఎత్తు మూడుచక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్‌కు ఎక్కారు.

ఇప్పుడేమో తీగలు మెలిపెట్టి టేపు చుట్టి, కార్బొరేటర్ కాలపు పైపునే మూడు బార్ల పెట్రోలుకు వాడి, ఎల్‌ఈడీ పట్టీ అంటించి "రీస్టోర్డ్" అని లక్షలకు అమ్ముతున్నారు. అది కారా, చక్రాల మీద అగ్గిపెట్టె! కొనేవాడు సాఫ్ట్‌వేర్ పిల్లాడు, కొనగానే సెల్ఫీ. అయ్యా, కొనేముందు ఎర్తు చూడండి, పెట్రోలు పైపు చూడండి, ఆర్సీలో ఇంజిన్ నంబరు ఎక్కిందో లేదో చూడండి. సెక్షన్ 52 ప్రకారం ఆర్టీవో అనుమతి లేని మార్పు చెల్లదు. 2021 నిబంధనల వింటేజ్ నంబరు ప్లేటు ఎలాగూ ఈ బళ్లకు రాదు. అది 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడనివాటికి. రాకపోతే పోయె, నా బండి అద్దాల గదిలో కూర్చునేది కాదు.

మొన్న ఆదివారం ఏసీ వేసుకుని జేఎన్టీయూ సిగ్నల్ దాకా పోయి వచ్చాం. ఆగలేదు. నేను చప్పట్లు కొట్టబోతే ఉస్తాద్ వేడిముల్లు వైపు చూపించాడు, ఒక గీత పైకి పోయింది. "రేడియేటర్ మూతకన్నా ఇంజినే ఎత్తుంది, లోపల గాలి ఇరుక్కుంది. రేపు పొద్దుగాల తెండ్రి సార్, మూతి ఎత్తు మీద పెట్టి నీళ్లు పోద్దాం."