కిన్నెర గడప దగ్గరే ఎందుకాగింది?

కోటగిరిలో వొక సాయంత్రం మేము కొందరం కూచుని రెండు రికార్డింగులు వొకదాని తర్వాత వొకటి విన్నాం. మొదటిది 1995లో రియల్ వరల్డ్ కంపెనీ విడుదల చేసిన 'డ్రీమ్'. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్, కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్ గిటారు, నైజెల్ కెనెడీ వయొలిన్, జేన్ సైబెరీ గొంతు కలిసిన పని అది. రెండోది 2021 సెప్టెంబరులో వచ్చిన 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట. దాని మొదట్లో దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర, ఆయన గొంతు వినపడతయి. తంతి, గొంతు, కరెంటు మూడూ రెండిట్లోనూ వున్నయి. వొకదాన్ని ప్రయోగం అంటరు. రెండోదాన్ని జానపదం కలిపిన సినిమా పాట అంటరు. యీ పేర్లు పెట్టేదెవరు, దేన్ని చూసి పెడుతున్నరు అన్నదే మా ప్రశ్న.

ముందు 'డ్రీమ్' గురించి న్యాయంగా మాట్లాడాలె. అది మంచి పని. మాండలిన్ తంతిని మీటగానే స్వరం పుడుతుంది, వెంటనే సన్నగిల్లుతుంది. బ్రూక్ తయారుచేసుకున్న 'ఇన్ఫినిట్ గిటార్'లో స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది. ఆగిపోయే స్వరం పక్కన ఆగని స్వరాన్ని పెట్టడం వల్ల శ్రీనివాస్ గమకాలు మరింత విడిగా, స్పష్టంగా వినిపిస్తయి. కొన్నిచోట్ల ఆ నిలకడ మరీ మెత్తటి పరుపై కచేరీలో వుండే పట్టును సడలిస్తుందన్నది మా ఫిర్యాదు. అయినా మాండలిన్ అక్కడ అలంకారం కాదు. పని మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. అట్ట మీద శ్రీనివాస్ పేరు బ్రూక్ పేరుతో సమానంగా వున్నది.

ఆ స్థానం శ్రీనివాస్‌కు వూరికే రాలేదు. తండ్రి క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు తంతి మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి తొమ్మిదేండ్లు. జంట తంతుల మాండలిన్ మీద గమకం పలకదని అయిదు వొంటి తంతుల ఎలక్ట్రిక్ వాద్యానికి మారాడు. విదేశీ వాద్యం, అందులోనూ కరెంటుది, కర్ణాటక సంగీతానికి పనికిరాదన్నవాళ్ల ముందే వాయించి నిలబడ్డాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2014లో పోయాడు. మా పేచీ ఆయనతో కాదు. సముద్రం దాటి వచ్చిన మాండలిన్‌కు జాగా యివ్వగలిగిన 'శాస్త్రీయం' అనే మాట, పక్క వాడలోని తంతికి ఎందుకు యివ్వలేకపోయిందన్నదే పేచీ.

పక్క వాడ అంటే మాకు దూరమేమీ కాదు. బోధన్ నుంచి సాలూర దాటితే మహారాష్ట్ర. అటూ ఇటూ పెండ్లి బారాత్‌లల్ల, అంబేడ్కర్ జయంతి వూరేగింపులల్ల బ్యాంజో పార్టీలు వుంటయి. యీ బ్యాంజో జపాన్‌లో వొక శతాబ్దం కింద పుట్టిన మీటల తంతివాద్యం. దానికి కరెంటు పెట్టి, కీబోర్డు, ప్యాడ్ జోడించి, మైకులో గొంతు కలిపి మన పోరగాండ్లు వాయిస్తరు. విదేశీ తంతి, కరెంటు, గొంతు. 'డ్రీమ్'లో వున్న సరుకే. బారాత్‌ల ఎవరూ కూచుని వినరు కాబట్టి అది సంగీతం కాదు, మోత!

ఇక కిన్నెర. వెదురు బొంగు, కింద ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అంటించిన మెట్లు. మెట్టు ఎక్కడ అంటించాలో చెవితో తేల్చుకున్నవాళ్లది శాస్త్రం కాదా? నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట మొగులయ్య దాని మీద పండుగ సాయన్న కథ చెప్పేవాడు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడి కథ అది. సినిమా ఆయన చేత ఏం పాడించింది? కథానాయకుడి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని వంశం పొగిడించింది. డక్కలి వాళ్లకు కులం అప్పగించిన పని అదే, మాదిగల పుట్టుక, వంశాలు చెప్పి అడుక్కోవడం. తమన్ స్టూడియోలో యంత్రాలన్నీ కొత్తవే. కిన్నెరకు యిచ్చిన పని మాత్రం పాతదే. నాయకుణ్ణి గడప దాకా తెచ్చి కిన్నెర తప్పుకుంటుంది. తర్వాత డప్పుల హోరు, వేరే గొంతులు. ఆ హోరులో కిన్నెర వొక్క వరసనన్నా నడిపివుంటే పాట ఎట్లా వుండేదో! ఆ ప్రయోగానికి ఎవరూ పూనుకోలేదు.

మొగులయ్యకూ 2022లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్న వార్త వచ్చింది. బిరుదు మనిషికి యిచ్చారు, వాద్యానికి బతుకు యివ్వలేదు.

నేరమంతా సభలదీ సినిమాదీ అని చేతులు దులుపుకోవడం మాకు కుదరదు. డక్కలి మనిషిని మాదిగ యింటి గడప లోపలికి రానియ్యని ఆచారం మనదే. మన వంశం పొగిడితే గింజలు పెట్టి పంపినం. ఆ చేతిలోని తంతిని మన పిల్లలకు నేర్పుమని అడగలేదు. సినిమా గడప కన్నా ముందు కిన్నెర ఆగింది మన గడప దగ్గరే.

అందుకే తంతినీ కరెంటునూ కలిపిన ఏ పని విన్నా మూడు సంగతులు చూడాలని విద్యార్థులకు, ఉపాధ్యాయులకు మా సూచన. వాద్యం ఎంతసేపు మోగాలో తేల్చిందెవరు? దానికి కొత్త పని యిచ్చారా, కులం యిచ్చిన పనే యిచ్చారా? అట్ట మీద, డబ్బుల లెక్కలో వాయించినవాడి పేరు ఎక్కడున్నది? 'డ్రీమ్' మొదటి రెండు ప్రశ్నలకూ, అట్ట మీది పేరుకూ గట్టిగా జవాబు చెబుతుంది. 'భీమ్లా నాయక్' పాట మొదటి రెంటి దగ్గరే తడబడుతుంది. వచ్చే జయంతికి కోటగిరిలో బ్యాంజో పార్టీ పక్కన కిన్నెరకు మైకు పెట్టి, ముందు ఏం వాయించాలో ఆ కిన్నెర మనిషినే అడుగుదాం.